థామస్ విల్సన్ డార్

థామస్ విల్సన్ డార్ (నవంబరు 5, 1805 - డిసెంబరు 27, 1854) అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వైశాల్యం దృష్ట్యా అతి చిన్నదైన రోడ్ ఐలండ్ రాష్ట్రానికి చెందిన న్యాయవాది, రాజకీయ నాయకుడు, ఓటుహక్కు ఉద్యమ నేత. 1842లో ఆ రాష్ట్రంలో ఒకే సమయంలో ఇద్దరు గవర్నర్లు, రెండు శాసనసభలు వెలసిన విచిత్ర పరిస్థితిలో ప్రజాపక్షం ఎన్నుకొన్న గవర్నరు ఇతడే. ఆ సంఘటనలు చరిత్రలో డార్ తిరుగుబాటు అన్న పేరుతో ప్రసిద్ధికెక్కాయి. ప్రభుత్వం అంగీకరించకపోయినా ప్రజలు తమంతట తామే సమావేశమై కొత్త రాజ్యాంగాన్ని రచించుకోవచ్చునా అన్న ప్రశ్న చుట్టూ డార్ జీవితమంతా తిరిగింది. ఆ ప్రశ్నకు అవునని సమాధానం చెప్పినందుకు అతడు యావజ్జీవ కఠిన శిక్షకు గురయ్యాడు.

బాల్యం, విద్యాభ్యాసం

డార్ రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్ నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి సల్లివన్ డార్ చైనాతో సముద్ర వాణిజ్యం చేసి విశేషంగా ధనం గడించిన వర్తకుడు. తల్లి లిడియా ఆలెన్ కూడా ఆ నగరంలో పేరున్న కుటుంబానికి చెందినదే. ఆమె సోదరుడు ఫిలిప్ ఆలెన్ తరువాతి కాలంలో ఆ రాష్ట్రానికి గవర్నరు అయ్యాడు. ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీలో చదివిన డార్ 1823లో హార్వర్డ్ కళాశాల నుండి పట్టభద్రుడయ్యాడు. అటుపై న్యూయార్క్‌లో ఆ కాలపు సుప్రసిద్ధ న్యాయకోవిదుడైన జేమ్స్ కెంట్ వద్ద న్యాయశాస్త్రం అభ్యసించి, 1827లో న్యాయవాదిగా నమోదయ్యాడు.

భూమి, ధనం, బంధుబలం అన్నీ ఉన్న డార్‌కు ఓటుహక్కు కోసం పోరాడవలసిన అగత్యం స్వతహాగా ఏమీ లేదు. అతడు ఎవరి తరఫున నిలబడ్డాడో ఆ చేతివృత్తులవారు, మిల్లు కార్మికులు అతని సామాజిక వర్గానికి చెందినవారు కారు. అతని సొంత కుటుంబం చివరిదాకా ఎదుటి పక్షాన నిలిచింది.

రాజు ఇచ్చిన శాసనం, భూస్వామ్యపు ఓటు

డార్ పోరాటం అర్థం కావడానికి ఆనాటి రోడ్ ఐలండ్ ప్రభుత్వ స్వరూపం కొంత తెలియాలి. 1663లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ ఈ వలసకు ఒక చార్టరు ప్రసాదించాడు. మతస్వేచ్ఛకు హామీ ఇచ్చిన ఆ చార్టరు తన కాలానికి ఎంతో ఉదారమైనది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత తక్కిన రాష్ట్రాలు కొత్త రాజ్యాంగాలు రచించుకోగా, కనెక్టికట్, రోడ్ ఐలండ్ మాత్రం తమ పాత చార్టర్లతోనే పాలన సాగించాయి. కనెక్టికట్ కూడా 1818లో కొత్త రాజ్యాంగం ఏర్పరచుకొంది. రోడ్ ఐలండ్ మాత్రం రాజులు పోయిన తరువాత కూడా అర్ధ శతాబ్దానికి పైగా రాజు ఇచ్చిన పత్రాన్నే తన మూలశాసనంగా నిలుపుకొంది. ఆ చార్టరును సవరించే పద్ధతి ఏదీ అందులో లేదు.

ఎవరికి ఓటు ఉండాలన్నది నిర్ణయించే అధికారం ఆచరణలో శాసనసభ చేతిలో ఉండేది. 134 డాలర్ల విలువైన భూమి ఉన్నవారికి, లేదా ఏడాదికి 7 డాలర్ల కౌలు వచ్చే భూమి ఉన్నవారికి, అటువంటి భూస్వామి జ్యేష్ఠ కుమారునికి మాత్రమే ఓటు వేసే అర్హత ఉండేది. ఇటువంటివారిని ఫ్రీమన్ అని వ్యవహరించేవారు. ఊరంతా రైతులే అయిన కాలంలో ఈ నిబంధన పెద్దగా ఎవరినీ బాధించలేదు. అయితే పద్దెనిమిదవ శతాబ్దం చివర పాటకెట్‌లో శామ్యూల్ స్లేటర్ నూలు మిల్లు వెలసిన తరువాత పరిస్థితి మారిపోయింది. ఎక్కడ చూసినా మిల్లులు, అద్దె ఇళ్లు, కూలికి వచ్చిన కుటుంబాలు. 1840 నాటికి రాష్ట్రంలోని వయోజన పురుషులలో సగానికి మించినవారికి ఓటు లేకుండా పోయింది.

ప్రాతినిధ్యంలో అన్యాయం ఇంకా పెద్దది. చార్టరు ప్రకారం శాసనసభలో న్యూపోర్ట్‌కు 6, ప్రావిడెన్స్, పోర్ట్స్‌మత్, వార్విక్‌లకు తలా 4, మిగతా ఒక్కొక్క ఊరికి 2 స్థానాలు ఉండేవి. 1840 జనాభా లెక్కలలో ప్రావిడెన్స్ జనాభా 23,172 కాగా న్యూపోర్ట్ జనాభా 8,333 మాత్రమే. అయినా స్థానాలు 1663లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఈ లెక్కను మార్చవలసినవారు ఆ లెక్క వలన లాభపడుతున్నవారే కనుక మార్పు జరుగలేదు. 1829లో ఓటుహక్కు కోరుతూ వచ్చిన వినతిపత్రాలను బెంజమిన్ హజార్డ్ నాయకత్వంలోని శాసనసభా సంఘం నిర్ద్వంద్వంగా తోసిపుచ్చింది.

శాసనసభ్యునిగా

డార్ 1834లో విగ్ పార్టీ తరఫున ప్రావిడెన్స్ నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు. అదే సంవత్సరం రాజ్యాంగ సంస్కరణ కోసం ఏర్పడిన కాన్‌స్టిట్యూషనల్ పార్టీలో ముఖ్యుడయ్యాడు. బ్యాంకులకు అప్పుల వసూలులో ఉన్న ప్రత్యేక హక్కును తొలగించిన 1836 నాటి చట్టం ప్రధానంగా అతని కృషి ఫలితమే. తన తండ్రి వంటి ధనికుల ప్రయోజనాలకు విరుద్ధమైన ఈ చట్టంతో సొంత పార్టీవారికే అతడు కంటగింపు అయ్యాడు. బానిసత్వ నిర్మూలన పక్షాన కూడా మాట్లాడేవాడు. ప్రావిడెన్స్ పాఠశాలల సంఘంలో పనిచేసి నగర ప్రభుత్వ పాఠశాలల పునర్వ్యవస్థీకరణలో పాల్గొన్నాడు. తిరుగుబాటు ఛాయలో మరుగునపడిన ఈ కృషికి చరిత్రకారులు తగినంత చోటు ఇవ్వలేదనే చెప్పాలి.

శాసనసభ ద్వారా సంస్కరణ సాధ్యం కాదని డార్‌కు అనుభవంలో తెలిసివచ్చింది. 1834లో సభ పిలిచిన రాజ్యాంగ సమావేశం ఏదీ తేల్చకుండానే ముగిసింది. తరువాత అతడు డెమొక్రాటిక్ పార్టీలో చేరాడు. కాంగ్రెసుకు పోటీచేసి ఓడిపోయాడు.

ప్రజా రాజ్యాంగం

1840లో రోడ్ ఐలండ్ సఫ్రేజ్ అసోసియేషన్ ఏర్పడింది. అందులో వృత్తిపనివారు, చిన్న వర్తకులు, మిల్లు కార్మికులు అధికం. వడ్రంగి వృత్తి చేసుకొనే కార్మిక నాయకుడు సెత్ లూథర్ వంటివారు అంతకుముందే ఈ భావాలకు బీజం వేశారు. సభను ప్రాధేయపడడం మాని, ప్రజలే నేరుగా ప్రతినిధులను ఎన్నుకొని రాజ్యాంగం రాసుకోవాలని వారు నిర్ణయించారు. 1841 ఆగస్టులో ప్రతినిధుల ఎన్నిక, అక్టోబరులో ప్రావిడెన్స్‌లో ప్రజా సమావేశం జరిగాయి. రాజ్యాంగ రచనలో డార్ ప్రధాన పాత్ర వహించాడు.

ఈ సమావేశంలో నల్లజాతి పురుషులకు ఓటు ఇవ్వాలా అన్న విషయంపై తీవ్ర వాదం జరిగింది. అలెగ్జాండర్ క్రమ్మెల్ మొదలైన నల్లజాతీయులు తమకూ హక్కు కావాలని విన్నపం పంపారు. డార్ వారిని సమర్థించాడు. అయితే అధిక సంఖ్యాకులు అంగీకరించలేదు. ఓటర్ల నిర్వచనంలో తెల్లవారు అన్న పదం నిలిచిపోయింది. ఆ పదాన్ని తొలగించే విషయాన్ని తరువాత ప్రజల నిర్ణయానికి వదలాలన్న రాజీ మాత్రమే మిగిలింది. తాను ఓడిపోయిన ఈ నిబంధనతో కూడిన రాజ్యాంగానికే డార్ నాయకత్వం వహించవలసి వచ్చింది. ఇది అతని రాజకీయ జీవితంలోని పెద్ద లోపం. ఆ తరువాత ఫ్రెడరిక్ డగ్లస్ తదితర బానిసత్వ వ్యతిరేక వక్తలు రోడ్ ఐలండ్ వచ్చి, ఊరూరా ఈ రాజ్యాంగానికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు.

1841 డిసెంబరు 27, 28, 29 తేదీలలో ప్రజా రాజ్యాంగంపై ఓటింగ్ జరిగింది. భూమి ఉన్నా లేకున్నా ఓటు వేయవచ్చునన్నారు. 13,944 మంది అనుకూలంగా, 52 మంది ప్రతికూలంగా ఓటు వేశారు. అనుకూలంగా వేసినవారిలో 4,960 మంది పాత చట్టం ప్రకారం కూడా అర్హులైన ఫ్రీమన్‌లేనని, అందువలన ఏ లెక్కన చూసినా తమకే మెజారిటీ ఉందని డార్ పక్షం వాదించింది. ప్రత్యర్థులు చాలామంది ఈ ఓటింగ్‌ను లెక్కలోకి తీసుకోక దూరంగా ఉన్నారన్నది కూడా గమనించాలి.

దీనికి పోటీగా శాసనసభ పిలిచిన సమావేశం మరొక రాజ్యాంగం తయారుచేసింది. అది ఓటుహక్కును కొంత విస్తరించింది. కాని ఈ రాజీ అటు డార్ అనుచరులకు, ఇటు మార్పే వద్దన్న భూస్వాములకు కూడా నచ్చలేదు. 1842 మార్చిలో 8,013 మంది అనుకూలించగా 8,689 మంది వ్యతిరేకించడంతో అది వీగిపోయింది. సామరస్యంగా సమస్య తీరే అవకాశం ఆ 676 ఓట్లతో పోయింది.

ఇద్దరు గవర్నర్లు

శాసనసభ వెంటనే ఒక కఠిన చట్టం చేసింది. ప్రజా రాజ్యాంగం కింద పదవి స్వీకరించడం రాజద్రోహమని, దానికి యావజ్జీవ కారాగారమని అందులో ఉంది. అల్జీర్స్ నిరంకుశ పాలకులను తలపించేదిగా ఉన్నదని డార్ అనుచరులు దీనిని అల్జెరైన్ చట్టమని ఎద్దేవా చేశారు. అయినా 1842 ఏప్రిల్ 18న ప్రజా రాజ్యాంగం కింద ఎన్నికలు జరిగాయి. పోటీ లేని ఆ ఎన్నికలలో ఆరువేల పైచిలుకు ఓట్లతో డార్ గవర్నరుగా ఎన్నికయ్యాడు. రెండు రోజుల తరువాత చార్టరు కింద జరిగిన ఎన్నికలలో సామ్యూల్ వార్డ్ కింగ్ తిరిగి గవర్నరు అయ్యాడు.

మే 3న డార్ ప్రావిడెన్స్‌లో ఊరేగింపుగా వెళ్లి పదవీ స్వీకారం చేశాడు. రాష్ట్ర సభా భవనం తాళం వేసి ఉండడంతో ప్రజా శాసనసభ నిర్మాణం పూర్తికాని ఒక ఇనుప ఫౌండ్రీ భవనంలో సమావేశమైంది. భవనాన్ని, ఖజానాను, ఆయుధాగారాన్ని ఆ రోజే స్వాధీనం చేసుకోవాలని డార్ కోరాడు. సభ్యులు వెనుకాడి, రెండు రోజులు చర్చలు జరిపి వాయిదా వేసుకొన్నారు. ప్రభుత్వమంటే కాగితంపై ఉండేది మాత్రమే కాదని డార్‌కు తెలుసు. అతని అనుచరులలో అధికులకు ఆ తెగువ లేదు.

ఇరుపక్షాలూ అధ్యక్షుడు జాన్ టైలర్‌ను ఆశ్రయించాయి. డార్ స్వయంగా వాషింగ్టన్ వెళ్లి టైలర్‌ను కలిశాడు. కాని తిరుగుబాటు జరిగితే చార్టరు ప్రభుత్వానికే సహాయం చేయవలసి ఉంటుందని టైలర్ అప్పటికే తేల్చివేశాడు. తిరుగు ప్రయాణంలో న్యూయార్క్‌లోని డెమొక్రాట్లు డార్‌కు ఘన స్వాగతం పలికి సహాయం చేస్తామని మాట ఇచ్చారు. ఆ మాటలను నమ్మడం అతడు చేసిన పొరపాటు. మే 16న ప్రావిడెన్స్ చేరిన డార్ ఆయుధ బలంతోనైనా అధికారం నిలుపుకొంటానని ప్రకటించాడు.

ఆయుధాగారం వద్ద

మే 17 అర్ధరాత్రి దాటిన తరువాత రెండువందల పైచిలుకు అనుచరులతో, రెండు పాత ఫిరంగులతో డార్ ప్రావిడెన్స్‌లోని ఆయుధాగారాన్ని ముట్టడించాడు. దట్టమైన పొగమంచు కమ్మిన రాత్రి అది. లోపల కాపలా ఉన్నవారిలో డార్ తండ్రి, సోదరుడు, మేనమామ కూడా ఉన్నారు. లొంగిపొమ్మన్న సందేశాన్ని లోపలివారు తిరస్కరించారు. డార్ ఫిరంగులు పేల్చమని ఆదేశించాడు. మందు భగ్గుమన్నది గాని ఫిరంగులు పేలలేదు. తెల్లవారేసరికి అతనితో ఉన్నవారిలో చాలామంది జారుకొన్నారు. ఆ ఉదయమే ప్రజా ప్రభుత్వంలోని పలువురు రాజీనామా చేశారు. డార్ రాష్ట్రం విడిచి వెళ్లాడు.

జూన్ చివర అతడు చెపాచెట్ గ్రామానికి తిరిగి వచ్చి, అక్కడి అకోట్స్ హిల్ అనే గుట్టపై ప్రజా శాసనసభను తిరిగి సమావేశపరచాలనుకొన్నాడు. కొద్ది వందల మందికి మించి రాలేదు. కింగ్ ప్రభుత్వం రాష్ట్రమంతటా సైనిక శాసనం విధించి, వేలాది సైనికులను పంపింది. పోరు నిరర్థకమని గ్రహించిన డార్ జూన్ 27న తన దళాన్ని రద్దుచేసి వెళ్లిపోయాడు. మరునాడు సైనికులు వచ్చేసరికి గుట్ట ఖాళీగా ఉంది.

ఈ సమయంలో ప్రావిడెన్స్ నల్లజాతీయులు చార్టరు ప్రభుత్వం పక్షాన ఆయుధాలు ధరించి నగర రక్షణలో పాల్గొన్నారు. తమను బయట ఉంచిన రాజ్యాంగం కోసం వారు నిలబడవలసిన పని లేదు కదా. దీనికి ప్రతిఫలం వారికి త్వరలోనే లభించింది.

1842 రాజ్యాంగం

డార్ ఓడినా చార్టరు నిలువలేదు. విగ్‌లు, సంప్రదాయ డెమొక్రాట్లు కలిసి ఏర్పరచుకొన్న లా అండ్ ఆర్డర్ పార్టీ మరొక రాజ్యాంగం రచించింది. డార్ అనుచరులు బహిష్కరించిన ఓటింగులో 1842 నవంబరులో అది ఆమోదం పొంది, 1843 మే నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం అమెరికాలో పుట్టిన పురుషులకు భూమి లేకపోయినా ఒక డాలరు పన్ను చెల్లిస్తే ఓటు లభించింది. తెల్లవారు అన్న పదాన్ని విడిగా ఓటుకు పెట్టి తొలగించారు. 1822లో కోల్పోయిన ఓటుహక్కు నల్లజాతీయులకు తిరిగి వచ్చింది.

కాని వలస వచ్చి పౌరసత్వం పొందినవారికి 134 డాలర్ల భూమి నిబంధన అలాగే ఉంచారు. ఐర్లండ్ నుండి వచ్చిన కాథలిక్ కార్మికులను దృష్టిలో ఉంచుకొని చేసిన పని ఇది. ప్రావిడెన్స్ జర్నల్ సంపాదకుడు, తరువాత గవర్నరు, సెనేటరు అయిన హెన్రీ బోవెన్ ఆంథోనీ ఈ భయాన్ని ప్రచారంలో బాగా వాడుకొన్నాడు. డార్ రాజ్యాంగం ఐరిష్‌వారికి ఓటు ఇచ్చి నల్లవారికి నిరాకరించింది. అతని ప్రత్యర్థుల రాజ్యాంగం నల్లవారికి ఇచ్చి ఐరిష్‌వారికి నిరాకరించింది. ఇరువురికీ ఇవ్వాలన్న డార్ అభిప్రాయం మాత్రం ఏ రాజ్యాంగంలోనూ చోటు చేసుకోలేదు. స్త్రీల ప్రసక్తి ఎందులోనూ లేదు. డార్ పక్షాన సభలు, విందులు నిర్వహించి చందాలు పోగుచేసి ఖైదీల కుటుంబాలను ఆదుకొన్నది మాత్రం ఎక్కువగా వారే.

విచారణ, కారాగారం

డార్‌ను పట్టి ఇచ్చినవారికి కింగ్ మొదట 1,000 డాలర్లు, తరువాత 5,000 డాలర్లు బహుమానం ప్రకటించాడు. డెమొక్రాట్ గవర్నర్లు ఉన్న కనెక్టికట్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాలు అతనిని అప్పగించడానికి నిరాకరించాయి. అజ్ఞాతంలో ఎంతకాలమైనా ఉండగలిగే డార్ తనంతట తానే 1843 అక్టోబరు 31న ప్రావిడెన్స్‌కు వచ్చి బహిరంగంగా నిలిచాడు. వెంటనే అరెస్టు చేశారు.

విచారణను ప్రావిడెన్స్‌లో గాక, అతనికి మద్దతు తక్కువైన న్యూపోర్ట్‌లో 1844 ఏప్రిల్‌లో జరిపారు. ప్రధాన న్యాయమూర్తి జోబ్ డర్ఫీ. డార్ తన వాదనలో అధిక భాగం స్వయంగా వినిపించాడు. తాను ప్రజల చేత ఎన్నికైన గవర్నరునని, కనుక తాను చేసింది ద్రోహం కాదు, విధి నిర్వహణ అని అతని వాదన. ఆ విషయాన్ని చర్చించడానికే న్యాయస్థానం ఒప్పుకోలేదు. మే 7న దోషిగా నిర్ణయించి, జూన్ 25న యావజ్జీవ కఠిన శిక్ష విధించారు. జైలులో అతనికి ఒంటరి గదిలో విసనకర్రలకు రంగులు వేసే పని అప్పగించారు. తేమగా ఉండే ఆ గదిలో అతని ఆరోగ్యం పూర్తిగా చెడిపోయింది.

కొత్త రాజ్యాంగానికి విధేయత ప్రమాణం చేస్తే విడుదల చేస్తామని శాసనసభ ప్రతిపాదించింది. డార్ తిరస్కరించాడు. అతని విడుదలే ప్రధానాంశంగా సాగిన 1845 ఎన్నికలలో ఛార్లెస్ జాక్సన్ గవర్నరుగా గెలిచాడు. 1845 జూన్ 27న, సరిగ్గా ఒక సంవత్సరం జైలులో గడిపిన తరువాత, డార్ బేషరతుగా విడుదలయ్యాడు.

లూథర్ వర్సెస్ బోర్డెన్

సైనిక శాసనం రోజులలో వారెన్ అనే ఊరిలో డార్ అనుచరుడైన మార్టిన్ లూథర్ ఇంటిలోకి లూథర్ బోర్డెన్ తదితర సైనికులు చొరబడ్డారు. (ఈ మార్టిన్ లూథర్‌కు జర్మనీ మత సంస్కర్తతో పేరులో పోలిక తప్ప సంబంధం లేదు.) చార్టరు ప్రభుత్వమే చెల్లదు కనుక ఆ సైనికులు కేవలం అక్రమంగా ప్రవేశించినవారని లూథర్ దావా వేశాడు. ఈ వ్యాజ్యం అమెరికా సుప్రీం కోర్టు వరకు వెళ్లింది. లూథర్ పక్షాన బెంజమిన్ హాలెట్, ప్రతిపక్షాన డేనియల్ వెబ్‌స్టర్ వాదించారు. 1849లో ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, ఒక రాష్ట్రంలో రెండు ప్రభుత్వాలలో ఏది సరైనదో తేల్చడం న్యాయస్థానాల పని కాదని, అది కాంగ్రెసు, అధ్యక్షుడు తేల్చవలసిన రాజకీయ విషయమని తీర్పు చెప్పాడు. అమెరికా రాజ్యాంగ న్యాయశాస్త్రంలో రాజకీయ ప్రశ్న సిద్ధాంతానికి ఈ తీర్పే ప్రధాన ఆధారం. డార్ అడిగిన ప్రశ్నకు మాత్రం సమాధానం రాలేదు.

చివరి సంవత్సరాలు

1851లో డార్‌కు పౌర, రాజకీయ హక్కులు పునరుద్ధరించారు. అదే సంవత్సరం అతని మేనమామ ఫిలిప్ ఆలెన్ డెమొక్రాట్ గవర్నరుగా ఎన్నికయ్యాడు. 1842లో ఎదుటి పక్షంలో ఉన్న కుటుంబం నుండి వచ్చిన ఆలెన్ పదేళ్లలో సంస్కరణవాదుల నాయకుడు కావడం ఆ రాష్ట్ర రాజకీయాలలోని విశేషం. 1854లో శాసనసభ డార్‌పై 1844 నాటి తీర్పును రద్దు చేస్తూ చట్టం చేసింది. కాని కోర్టు తీర్పును రద్దు చేసే అధికారం శాసనసభకు లేదని రాష్ట్ర సుప్రీం కోర్టు అభిప్రాయపడింది. అవివాహితుడైన డార్ అనారోగ్యంతో 1854 డిసెంబరు 27న ప్రావిడెన్స్‌లో మరణించాడు. ప్రజా రాజ్యాంగంపై ఓటింగ్ మొదలై ఆనాటికి సరిగ్గా పదమూడు సంవత్సరాలు. స్వాన్ పాయింట్ శ్మశానవాటికలో అతనిని ఖననం చేశారు.

అనంతర పరిణామాలు

చార్టరు కాలం నుండి రోడ్ ఐలండ్‌లో సర్వాధికారాలు శాసనసభవే. కోర్టు తీర్పులను కూడా అది తిరగదోడేది. డార్ తీర్పు విషయంలో తలెత్తిన వివాదం ఈ అలవాటును ప్రశ్నార్థకం చేసింది. 1856లో టేలర్ వర్సెస్ ప్లేస్ వ్యాజ్యంలో ప్రధాన న్యాయమూర్తి సామ్యూల్ ఏమ్స్ న్యాయవ్యవస్థ స్వతంత్రతను ఖరారు చేశాడు. ఏమ్స్ డార్ సోదరిని వివాహమాడినవాడు, 1842లో చార్టరు ప్రభుత్వం తరఫున పనిచేసినవాడు. కార్యనిర్వాహక శాఖపై శాసనసభ పెత్తనం మాత్రం చాలాకాలం కొనసాగింది. అధికారాల విభజనను స్పష్టంగా పేర్కొనే సవరణలకు ఆ రాష్ట్ర ఓటర్లు 2004లో గాని ఆమోదం తెలుపలేదు.

1842 రాజ్యాంగం జనాభాతో నిమిత్తం లేకుండా ప్రతి పట్టణానికి ఒక సెనేటరు చొప్పున ఇవ్వడంతో చిన్న పల్లెల ఆధిపత్యం సెనేటులో స్థిరపడింది. వలస వచ్చిన పౌరులకు భూమి నిబంధన 1888లో తొలగింది. నగర పాలక మండళ్ల ఎన్నికలలో ఓటు వేయడానికి ఆస్తి ఉండాలన్న నిబంధన మాత్రం 1928 వరకు కొనసాగింది.